సర్వర్‌కు ముందు నాలుగు మజిలీలు

దేవరకొండలోనో, అచ్చంపేటలోనో, నారాయణపేటలోనో మీసేవ కేంద్రం ముందు నిలబడ్డవాళ్లకు "సర్వర్ డౌన్ ఉంది, రేపు పొద్దుగాల రండి" అన్న మాట కొత్త కాదు. రేషన్ దుకాణంలో వేలిముద్ర పడకపోయినా, బ్యాంకులో డబ్బు చేతికి రాకపోయినా, తహసీల్దార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ మధ్యలో ఆగినా నింద సర్వర్ మీదికే పోతుంది. ఆ సర్వర్ హైదరాబాద్‌లోని డేటా సెంటర్‌లో, ఏసీ గదిలో, ఏ లోపమూ లేకుండా నడుస్తూ ఉండొచ్చు. తెగింది దానికీ మనకూ మధ్య ఉన్న దారి కావచ్చు.

ఆ దారి ఒక్కటి కాదు. కౌంటర్ మీదున్న వేలిముద్ర యంత్రం నుంచి డేటా సెంటర్ దాకా కనీసం నాలుగు రకాల నెట్‌వర్క్‌లు ఒకదాని చేతిలోంచి ఇంకొకదాని చేతిలోకి సమాచారాన్ని అందిస్తాయి. బల్ల మీదిది ప్యాన్, భవనంలోది ల్యాన్, పట్టణంలోది మ్యాన్, జిల్లాలూ రాష్ట్రాలూ దాటేది వాన్. పాఠ్యపుస్తకాల్లో వీటిని దూరాన్ని బట్టి వరసగా చెప్పి వదిలేస్తారు. దూరం ఒక్కటే చూస్తే అది బట్టీ పట్టే జాబితా. దూరంతో పాటు ఇంకో మూడు మారతాయి: సంకేతాన్ని మోసే మాధ్యమం, ఆ మోతకు పెట్టుకున్న నియమాలు, తీగ తెగితే అతికే బాధ్యత ఎవరిదన్నది. ఈ అధ్యాయంలో పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఊళ్ల మీదుగా ఆ నాలుగు మజిలీలూ దాటుదాం.

బల్ల మీది నెట్‌వర్క్

పల్లెల్లో తెల్లవారుజామున తెరుచుకునే పాల సేకరణ కేంద్రాన్ని చూడండి. రైతు క్యాను తెచ్చి పోస్తే ఎలక్ట్రానిక్ కాంటా బరువు చూపుతుంది. పక్కనున్న యంత్రం వెన్న శాతం కొలుస్తుంది. ఈ రెండు అంకెలూ చిన్న కంప్యూటర్‌లోకి వెళ్లి, ధర లెక్క కట్టుకుని, స్లిప్పుగా బయటికొస్తాయి. కాంటా, వెన్న యంత్రం, కంప్యూటర్, ప్రింటర్ నాలుగూ రెండు మూడు అడుగుల కేబుళ్లతో కలిసి ఉంటాయి. కంప్యూటర్ నెట్‌వర్క్‌ల్లో అతి చిన్నది ఇదే: ఒక మనిషి చేతికందే దూరంలో ఉన్న పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఏర్పాటు. దీన్నే పర్సనల్ ఏరియా నెట్‌వర్క్, క్లుప్తంగా ప్యాన్ అంటారు.

కేబుల్ లేకుండా ఈ పని చేయడానికి పుట్టింది బ్లూటూత్. మన ఫోన్లలో ఉండే బ్లూటూత్ సాధారణంగా పది మీటర్ల దాకా పనిచేస్తుంది. ఇది వాడే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో పట్టీ ఎవరైనా లైసెన్సు లేకుండా వాడుకోగలిగినది. అందుకే అక్కడ రద్దీ ఎక్కువ. వైఫై, మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే తిరుగుతాయి. ఈ రద్దీలో మాట చెడకుండా ఉండటానికి తొలినాటి బ్లూటూత్ ఒక ఉపాయం పట్టింది. ఆ పట్టీని 79 చిన్న దారులుగా విడగొట్టి, సెకనుకు 1600 సార్లు దారి మారుస్తూ పోతుంది. ఏ దారిలో ఎవరు అడ్డొచ్చినా పోయేది సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ సేపటి మాటే. దాన్ని మళ్లీ పంపితే సరిపోతుంది.

ఈ మజిలీలో అన్ని పరికరాలూ, అన్ని తీగలూ ఒకరివే. చెడిపోతే బాగు చేయాల్సింది కూడా ఆ ఒక్కరే. చాలాసార్లు కేబుల్ ఊడదీసి మళ్లీ గుచ్చితే చాలు.

భవనంలో పుట్టే ల్యాన్

1998 నవంబర్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లోకి కార్డ్ అనే పథకం వచ్చింది. అంతకుముందు దస్తావేజులను చేత్తో పెద్ద పెద్ద పుస్తకాల్లోకి ఎక్కించేవారు. నకలు కావాలన్నా, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) కావాలన్నా ఆ పుస్తకాలన్నీ వెతకాలి. కార్డ్ వచ్చాక ఒక్కో ఆఫీసులో కొన్ని కంప్యూటర్లను కలిపారు. ఒక బల్ల దగ్గర వివరాలు ఎక్కిస్తే, ఇంకో బల్ల దగ్గర మార్కెట్ విలువ లెక్కించవచ్చు, మరో బల్ల దగ్గర దస్తావేజు పేజీలను స్కాన్ చేసి దాచవచ్చు. అందరూ చూసేది ఒకే సర్వర్‌లోని ఒకే దస్త్రాన్ని. ఆ సర్వర్ అదే భవనంలో ఉండేది. ఆ పనికి ఊరు దాటే తీగ అక్కర్లేదు. ఇలాంటి భవనం లోపలి నెట్‌వర్క్‌ను లోకల్ ఏరియా నెట్‌వర్క్, అంటే ల్యాన్ అంటారు.

ల్యాన్ అంటే ఇంటర్నెట్ అనుకునేవాళ్లు గమనించాల్సింది ఇదే. ఒక భవనంలోని కంప్యూటర్లు బయటి ప్రపంచంతో ఏ సంబంధమూ లేకుండా తమలో తాము నిక్షేపంగా పనిచేసుకోగలవు. హైస్కూలు కంప్యూటర్ గదిలో నెట్ లేని రోజు కూడా ప్రింటర్ పనిచేసేది ఈ కారణంగానే.

నేటి ల్యాన్‌లలో అత్యధికం ఈథర్‌నెట్ నియమాల మీద నడుస్తాయి. 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్ దీనికి రూపమిచ్చారు. మొదట్లో అన్ని కంప్యూటర్లూ ఒకే లావుపాటి కేబుల్‌కు తగిలించి ఉండేవి. ఎవరు మాట్లాడినా అందరికీ వినిపించేది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరి సంకేతాలూ పాడయ్యేవి. అప్పుడు ఇద్దరూ ఆగి, ఎవరికి వారు యాదృచ్ఛికంగా కొంత సమయం ఎంచుకుని, మళ్లీ ప్రయత్నించేవారు. ఆ కేబుల్ ఒక్కచోట తెగితే గదంతా మూగబోయేది.

ఇప్పుడు ప్రతి కంప్యూటర్ నుంచీ ఒక్కో కేబుల్ మధ్యలోని స్విచ్ అనే డబ్బాకు వస్తుంది. నెట్‌వర్క్ ఆకారం గీత నుంచి నక్షత్రంలా మారింది. ఒక కేబుల్ తెగితే ఒక్క కంప్యూటరే ఆగుతుంది. స్విచ్ చేసే పని తేలిక. ప్రతి పరికరానికీ తయారీలోనే 48 బిట్ల చిరునామా ఒకటి వస్తుంది. ఏ చిరునామా తన ఏ రంధ్రం వైపు ఉందో స్విచ్ వచ్చే సందేశాలను చూసి నేర్చుకుని, పట్టికలో రాసుకుంటుంది. ఆపైన ఎవరి సందేశాన్ని వాళ్లకే అందిస్తుంది. ఆ సందేశాలు కూడా ముక్కలుగానే పోతాయి. ఈథర్‌నెట్ మామూలుగా ఒక ముక్కలో 1500 బైట్లకు మించి మోయదు. ఫోటో ఒకటి పంపితే అది వందలో వేలో ముక్కలై వెళ్లి అవతల మళ్లీ ఒక్కటవుతుంది. పెద్ద ఫైలు పంపేవాడు తీగనంతా ఆక్రమించుకోకుండా, చిన్న సందేశం పంపేవాడికీ మధ్యలో సందు దొరికేది ఈ ముక్కల పద్ధతి వల్లనే.

రాగి తీగలు మెలేసిన ఈ ల్యాన్ కేబుల్‌కు హద్దు వంద మీటర్లు. అంతకు మించితే సంకేతం బలహీనపడుతుంది. మహబూబ్‌నగర్‌లో 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయం లాంటి విశాలమైన ప్రాంగణాల్లో భవనానికీ భవనానికీ మధ్య వంద మీటర్లు సులువుగా దాటుతాయి. అలాంటి చోట ఒక్కో భవనంలో ఒక్కో ల్యాన్ కట్టి, వాటి మధ్య ఆప్టికల్ ఫైబర్ వేసి కలుపుతారు. దీన్ని క్యాంపస్ నెట్‌వర్క్ అంటారు. హక్కు మాత్రం ఇంకా ఒక్క సంస్థదే.

పట్టణంలో కేబులాయన ఫైబర్

ప్రహరీ దాటగానే కథ మారుతుంది. రోడ్డు మనది కాదు, కరెంటు స్తంభం మనది కాదు. నల్లగొండ, సూర్యాపేట, వనపర్తి లాంటి పట్టణాల్లో ఆ స్తంభాల మీదుగా ఇళ్లను ముందుగా కలిపింది కేబుల్ టీవీవాళ్లు. డిష్‌లు పెట్టుకున్న ఒక గది నుంచి వీధి వీధికీ తీగ లాగి, దూరం పెరిగి బొమ్మ మసకబారిన చోటల్లా కరెంటుతో నడిచే ఆంప్లిఫయర్ పెట్టేవాళ్లు. ఇప్పుడు చాలాచోట్ల అదే దారిలో, అదే స్తంభాల మీద ఫైబర్ పోతోంది. ఊరంతా విస్తరించిన ఇలాంటి నెట్‌వర్క్‌ను మెట్రోపాలిటన్ ఏరియా నెట్‌వర్క్, అంటే మ్యాన్ అంటారు. పేరులో మహానగరం ఉన్నా మున్సిపాలిటీకి కూడా అదే సూత్రం.

వెంట్రుకంత సన్నని గాజు పోగులో కాంతి పోతుంది. ఒక్కో ఇంటికి ఒక్కో పోగు కనెక్షన్ ఇచ్చేవాళ్ల ఆఫీసు నుంచి లాగితే ఖర్చు మోయలేం. అందుకని ఒకే పోగును వీధి దాకా తెచ్చి, అక్కడ స్ప్లిటర్ అనే చిన్న పరికరంతో 32 లేదా 64 పాయలుగా చీలుస్తారు. దానికి కరెంటు అక్కర్లేదు. వచ్చిన కాంతిని గాజులోనే పంచుతుంది. వేసవిలో కరెంటు కోతలున్నా ఇరవై కిలోమీటర్ల లోపు దారి మధ్యలో ఆగేదేమీ ఉండదు. ఆఫీసులో బ్యాటరీ, ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే నెట్ వస్తూనే ఉంటుంది.

ఒకే పోగును ఇన్ని ఇళ్లు పంచుకుంటే మాటలు కలిసిపోవా? ఆఫీసు నుంచి ఇంటికి వచ్చే కాంతి తరంగదైర్ఘ్యం 1490 నానోమీటర్లు, ఇంటి నుంచి తిరిగి వెళ్లేది 1310 నానోమీటర్లు. రెండు వేర్వేరు రంగులు కనుక ఎదురెదురుగా పోయినా తగలవు. ఆఫీసు పంపేది అన్ని ఇళ్లకూ చేరుతుంది. అయితే ప్రతి ఇంటి డబ్బా తనకు రాసిపెట్టింది మాత్రమే విప్పుకుంటుంది, మిగతాది గుప్తంగానే ఉండిపోతుంది. తిరుగు దారిలో ఇళ్లు వంతులవారీగా మాట్లాడతాయి. ఎవరి వంతు ఎప్పుడన్నది ఆఫీసులోని యంత్రం సెకనులో అతి చిన్న వంతుల లెక్కన నిర్ణయిస్తుంది. ఎక్కువగా వాడుకలో ఉన్న జీపాన్ పద్ధతిలో ఇళ్లన్నిటికీ కలిపి కిందికి సెకనుకు సుమారు రెండున్నర గిగాబిట్లు, పైకి అందులో సగం. రాత్రి తొమ్మిదింటికి వీధంతా సినిమాలు పెట్టినప్పుడు వేగం తగ్గినట్టు అనిపించడానికి ఈ పంపకం ఒక కారణం.

జిల్లాలు దాటే వాన్

జిల్లా కేంద్రాలను రాష్ట్రంతో, ఢిల్లీతో కలిపే వైడ్ ఏరియా నెట్‌వర్క్, అంటే వాన్ కట్టే ప్రయత్నం ఫైబర్ కంటే ముందే మొదలైంది. 1976లో ఏర్పడిన జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం, అంటే నిక్, 1980ల చివరలో ఉపగ్రహం ద్వారా నిక్‌నెట్‌ను నిర్మించి కలెక్టరేట్ల మీద చిన్న డిష్‌లు పెట్టింది. తవ్వకం లేదు, స్తంభాలు లేవు. ఇబ్బందల్లా దూరమే. భూస్థిర ఉపగ్రహం భూమధ్యరేఖకు 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. సందేశం పైకి వెళ్లి కిందికి రావడానికి కాంతి వేగంతో కూడా దాదాపు పావు సెకను, జవాబుకు మరో పావు సెకను పడుతుంది. గాజు పోగులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఆ లెక్కన నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు ఉన్న వంద కిలోమీటర్లకు పట్టేది సెకనులో రెండు వేలవ వంతు. ఒక్క ఉత్తరం పంపడానికి అర సెకను ఆలస్యం లెక్కలోకి రాదు. ఒక్కో పేజీకి పదుల సార్లు ప్రశ్న, జవాబు నడిచే నేటి అప్లికేషన్లకు అదే భారమవుతుంది.

2005 మార్చిలో కేంద్రం రాష్ట్ర వ్యాప్త నెట్‌వర్క్‌ల పథకాన్ని ఆమోదించింది. స్వాన్ అని పిలిచే ఈ పథకంలో రాష్ట్ర కేంద్రం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి కనీసం సెకనుకు 2 మెగాబిట్ల దారి వేయాలన్నది లక్ష్యం. చేతిలోని ఫోన్ అంతకు ఎన్నో రెట్లు ఇస్తున్న ఈ రోజుల్లో అది నవ్వు తెప్పించవచ్చు. దరఖాస్తులు, పహాణీలు అక్షరాల రూపంలోనే వెళ్లే కాలంలో అది చాలినంత.

వాన్ మన బతుకులో తెచ్చిన మార్పు బ్యాంకులో ఎక్కువ తెలుస్తుంది. ఒకప్పుడు నల్లగొండ జిల్లాలో నాగార్జున గ్రామీణ బ్యాంకు, మహబూబ్‌నగర్ జిల్లాలో సంగమేశ్వర గ్రామీణ బ్యాంకు ఉండేవి. ఖాతా ఏ శాఖలో తెరిస్తే లెడ్జరు ఆ శాఖలోనే. వేరే ఊళ్లో డబ్బు తీయడం కుదిరేది కాదు. 2006 మార్చిలో ఇవి రెండూ మరో మూడింటితో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు అయ్యాయి. ఆ తర్వాత కోర్ బ్యాంకింగ్ వచ్చింది. లెడ్జరు శాఖ వదిలి దూరాన ఉన్న ఒకే డేటా సెంటర్‌కు చేరింది. 2025 జనవరి 1 నుంచి దాని తెలంగాణ శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో భాగమయ్యాయి. బోర్డు మారినా ఖాతాదారు పనులు సాగుతూ పోవడానికి కారణం లెక్కలు శాఖ గోడల మధ్య లేకపోవడమే. దీనికి మూల్యం కూడా ఉంది. ఆ శాఖకు వచ్చే తీగ తెగితే క్యాష్ పెట్టెలో నోట్లున్నా ఇవ్వడం కష్టం.

వాన్‌లో దారి చూపేది రౌటర్. స్విచ్‌కు తన భవనంలోని పరికరాలే తెలుసు. రౌటర్ చూసేది ఐపీ చిరునామాను, అంటే పరికరం ప్రస్తుతం ఏ నెట్‌వర్క్‌లో ఉందో చెప్పే అంకెను. అవతలి కంప్యూటర్ ఎక్కడుందో ఏ రౌటర్‌కూ పూర్తిగా తెలియనక్కర్లేదు. తర్వాతి మజిలీ ఏదో తెలిస్తే చాలు. 1983 జనవరి 1న అమెరికాలోని ఆర్పానెట్ అనే తొలితరం నెట్‌వర్క్ ఈ ఐపీ నియమాలకు మారింది. 1995 ఆగస్టు 15న అప్పటి ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఇంటర్నెట్ ఐదో రకం తీగేమీ కాదు. ఇంతవరకూ చెప్పుకున్న నాలుగూ ఒకే చిరునామా పద్ధతికి ఒప్పుకుని చేతులు కలపడమే.

తప్పు ఎక్కడుందో పట్టడం

రకాలు తెలిస్తే లోపాన్ని వెతకడం తేలికవుతుంది. ఒక్క కంప్యూటర్‌కే నెట్ లేక, పక్క బల్ల మీది దానికి ఉంటే లోపం ల్యాన్‌లో ఉంది: కేబుల్, స్విచ్ రంధ్రం, లేదా ఆ కంప్యూటరే. ఆఫీసంతటికీ లేకపోతే ఫైబర్ డబ్బా వైపు చూడాలి. దాని మీద ఎల్‌ఓఎస్ అని ఒక దీపం ఉంటుంది. అది ఎర్రగా వెలుగుతుంటే బయటి నుంచి కాంతే రావడం లేదన్నమాట. తీగ తెగింది, లేదా మరీ వంగింది. అప్పుడు కంప్యూటర్‌ను ఎన్నిసార్లు ఆపి వేసినా ఫలితం లేదు, లైన్‌మన్‌కు ఫోన్ చేయాల్సిందే. ఎర్ర దీపం లేదు, అయినా ఏ సైటూ రాదు అంటే కాంతి డబ్బా దాకా వస్తోంది. చిక్కు ఆ కనెక్షన్ ఇచ్చిన సంస్థ యంత్రాల్లోనో, అంతకు పైనున్న దారిలోనో ఉండే అవకాశం ఎక్కువ. మిగతా సైట్లన్నీ తెరుచుకుంటూ ఒక్క ప్రభుత్వ పోర్టల్ మాత్రమే రాకపోతే, సెల్‌ఫోన్ డేటాతోనూ రాకపోతే, అప్పుడు సర్వర్‌ను అనుమానించడంలో న్యాయముంది.

నీళ్ల కందకంలో నెట్

పాత రెండు జిల్లాల పల్లెల దాకా ఫైబర్ చేర్చే పని దేశమంతటికీ పెట్టిన పథకంలో భాగం. 2011 అక్టోబర్‌లో కేంద్ర మంత్రివర్గం రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలను ఫైబర్‌తో కలపాలని నిర్ణయించింది. అదే తర్వాత భారత్‌నెట్ అయింది. మండల కేంద్రాల దాకా అప్పటికే ఉన్న ప్రభుత్వ రంగ సంస్థల ఫైబర్‌ను వాడుకుని, అక్కడి నుంచి పంచాయతీ దాకా కొత్తది వేయాలన్నది ఆలోచన. రెండో దశలో తెలంగాణలో ఆ బాధ్యతను రాష్ట్ర సంస్థ టీ-ఫైబర్ తీసుకుంది.

ఇక్కడ తెలంగాణకు ఒక అదను దొరికింది. ఫ్లోరైడ్ నీళ్లతో తరాలు నలిగిన నల్లగొండ నేల మీదనే, చౌటుప్పల్‌లో, 2015 జూన్ 8న మిషన్ భగీరథ పైలాన్‌ను ఆవిష్కరించారు. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే ఆ పథకానికి ఊరూరా కందకాలు తవ్వాలి. ఫైబర్ వేయడంలో గాజు పోగు కంటే తవ్వకానికీ, రోడ్డు దాటే అనుమతులకూ అయ్యే ఖర్చే ఎక్కువ. నీళ్ల పైపు కోసం తీసిన కందకంలోనే ఫైబర్‌కు గొట్టం కూడా వేస్తే ఆ ఖర్చు మిగులుతుంది. టీ-ఫైబర్ పునాది ఈ ఆలోచనే. 2024 డిసెంబర్‌లో దాని సేవలు ప్రయోగాత్మకంగా మొదలైన ఊళ్లలో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి.

అయితే నీళ్లకూ నెట్‌కూ కందకం ఒకటే అయినా కావలసిన ఆకారం ఒకటి కాదు. నీళ్ల పైపులు చెట్టు ఆకారంలో ఉంటాయి. కృష్ణ నుంచి ఎత్తిన నీళ్లు శుద్ధి కేంద్రానికి, అక్కడి నుంచి గుట్ట మీది ట్యాంకుకు, ఆపైన వాలును బట్టి కొమ్మలుగా చీలి ఊరి ట్యాంకులకు పోతాయి. ప్రవాహం ఒకే వైపు. పైపు పగిలినా ఊరి ట్యాంకులో నీళ్లుంటే పూటో రోజో గడుస్తుంది. సమాచారం రెండు వైపులా పోవాలి, ఊళ్లో నిల్వ పెట్టుకోవడానికీ లేదు. తీగ తెగిన క్షణమే పని ఆగుతుంది.

తొలి దశ భారత్‌నెట్‌లో చాలా పంచాయతీలు మండలం నుంచి బయల్దేరిన గీత లాంటి దారుల మీద ఉన్నాయి. మన గొలుసుకట్టు చెరువుల్లాంటిదే ఇదీ: పైన గండి పడితే కింద ఆధారపడ్డవన్నీ ఎండుతాయి. రోడ్డు వెడల్పు పనిలో జేసీబీ ఒక్కచోట తీగను లాగేస్తే ఆ చోటు దాటిన పంచాయతీలన్నిటికీ నెట్ పోతుంది, వాటి డబ్బాలన్నీ బాగున్నా సరే.

దీనికి విరుగుడు వలయం. మండలం నుంచి బయల్దేరిన ఫైబర్ ఊరూరూ చుట్టి ఇంకో దారిలో మళ్లీ మండలానికే చేరుతుంది. ఎక్కడ తెగినా రెండు వైపుల రౌటర్లూ దాన్ని క్షణాల్లో గుర్తించి సమాచారాన్ని ఎదురు దిక్కుకు తిప్పుతాయి. ఆఖరి తీగను కలపడానికి అదనపు కిలోమీటర్లు తవ్వాలి, దానికి తగ్గ యంత్రాలు పెట్టాలి. ఖర్చు పెరుగుతుంది. అయినా 2023 ఆగస్టులో రూ. 1,39,579 కోట్లతో ఆమోదించిన సవరించిన భారత్‌నెట్, మండల స్థాయి నుంచి పంచాయతీలకు వలయాన్నే ఎంచుకుంది. ఇంకా ముందుకు వెళ్తే ప్రతి కూడలికీ పలు దారులుండే వల ఆకారం ఉంది. పెద్ద నగరాల మధ్య నడిచే ఇంటర్నెట్ వెన్నెముక అలాంటిది.

వలయం రెండు దారులు ఇస్తుందని కాగితం మీద గీస్తే సరిపోదు. అటు పోగు, ఇటు పోగు ఒకే కందకంలో, ఒకే కల్వర్టు కింద నుంచి పోతే ఒక్క వరదకో ఒక్క జేసీబీకో రెండూ తెగుతాయి. బొమ్మలో వలయం, నేల మీద గీత. భగీరథ కందకం ఖర్చు తగ్గించిన మాట నిజం. కానీ చెట్టులా చీలిన కందకాలను మాత్రమే నమ్ముకుంటే ఊరికి ఒక్క దారే మిగులుతుంది. వలయం మూసే ఆ చివరి ముక్కకు విడిగా తవ్వాలి, లేదా స్తంభాల మీదుగా, రైలు పట్టాల పక్కన, విద్యుత్ టవర్ల పైన ఉన్న వేరే దారిని అద్దెకు తీసుకోవాలి. గుట్టలూ అడవీ అడ్డొచ్చే నల్లమల అంచున తవ్వడం కుదరని చోట మైక్రోవేవ్ రేడియో ఆ రెండో దారి కాగలదు.

అందుకే పల్లెలను కలిపామని వచ్చే లెక్కల్లో ఎన్ని పంచాయతీలకు తీగ చేరిందన్న అంకెతో పాటు, వాటిలో ఎన్నిటికి వేర్వేరు నేల మీదుగా రెండు దారులున్నాయన్న అంకె కూడా అడగాలి. రేషన్, పింఛన్, బ్యాంకు, భూమి రికార్డు అన్నీ తీగ మీదికి ఎక్కాక మొదటి అంకె ఊరికి సౌకర్యం వచ్చిందని మాత్రమే చెబుతుంది. ఆ సౌకర్యం తెగకుండా నిలుస్తుందో లేదో తేల్చేది రెండో అంకె.